మహాలక్ష్మమ్మ మోసిన మైనం బిళ్ళ

జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు ఊళ్ళో మహాలక్ష్మమ్మ నోటికి భయపడనివాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకరు ఆమె మొగుడు సిద్దయ్య. ఆయనకు ఎడమ చెవి వినపడదు, అందుకని ఆమెను ఎప్పుడూ ఆ పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. రెండో మనిషి ఏడేళ్ళ మనవరాలు చౌడేశ్వరి. జేజి తిడితే ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వేది. కొత్త తిట్టు వినపడితే మళ్ళీ చెప్పమనేది.

వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. మహాలక్ష్మమ్మ చదువు రెండో తరగతిలో ఆగిపోయింది. అయ్యవారు బెత్తం ఎత్తితే, ఆ బెత్తం లాక్కుని ఇంటికొచ్చి దాంతోనే గొర్రెలు తోలిన మనిషి. దానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. బెత్తం మంచిదని మాత్రం చెప్పేది.

అవి ఊళ్ళు రెండుగా చీలి ఉన్న రోజులు. ముందు వీధి ఒక పార్టీ, వెనక వీధి ఇంకో పార్టీ. మగవాళ్ళు ఒంటరిగా బస్సెక్కి ఎదుటి వర్గం ఊరి మీదుగా పోవాలంటే జంకేవాళ్ళు. ఆడవాళ్ళ జోలికి మాత్రం ఎవరూ రారు. అందుకని వాయిదా రోజున లాయరు దగ్గరికి పోవాలన్నా, విత్తనాలు తేవాలన్నా, మందులు తేవాలన్నా తిరిగేదంతా ఆడవాళ్ళే. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని మీసాలు దువ్వుకుంటూ పౌరుషం గురించి మాట్లాడేవాళ్ళు. ఆ పౌరుషానికి ఉప్పూ పప్పూ మోసుకొచ్చేది ఆడవాళ్ళు.

రెండువేల నాలుగు ఎన్నికల ముందు, ఎండలు ముదిరినప్పుడు, చౌడేశ్వరి తొడలో నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. కానీ వారం వారానికీ పెరుగుతోంది. పొద్దుటూరులో డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపించాడు. పిల్లలకు కండలో వచ్చే క్యాన్సరు అని తేలింది. ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. బాంబు పొగ తగిలిందని ఒకరు, పొట్టేలు పొడిచిందని ఒకరు. కోడలి పుట్టింటి రక్తంలోనే ఏదో ఉందని ఇంకొకరు అన్నారు. ఆ మూడో మాట అన్నది మహాలక్ష్మమ్మే. కోడలు రమణమ్మ వింటుండగానే అంది.

కొడుకు గోవిందు, రమణమ్మ కలిసి పిల్లను బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నాలుగో రోజు ఊళ్ళోని ఫోను బూతుకు గోవిందు ఫోను చేశాడు.

"అమ్మా, పొద్దుటూరు ల్యాబులో చౌడి కండముక్క మైనంలో పెట్టి దాచినారంట. అది కావల్లంట ఈడ. దాన్ని చూస్తే గానీ ఏ మందు పెట్టాల్నో చెప్పలేమంటాండారు."

"మళ్ళీ కొంచెం కోసుకోమను, ఆడ కత్తులు లేవా?"

"మళ్ళీ కోస్తే పాప తట్టుకోవల్ల కదమ్మా. పుండు మానేదాకా మందు మొదలుపెట్టరు. రోజులు పోతాయి."

"సరే, పెట్టెయ్. నేను తెస్తా," అంది మహాలక్ష్మమ్మ. అప్పటికే కొంగు బిగించింది.

పొద్దుటూరు ల్యాబులో జియావుల్లా అని అగరొత్తి మాదిరి సన్నగా ఉండే మనిషి పని చేసేవాడు. ఆయన ఒక చిన్న డబ్బా తెరిచి చూపించాడు. లోపల అంగుళం పొడవు ప్లాస్టిక్ బిళ్ళ. దానిమీద తెల్లటి మైనం. మైనంలో కందిగింజంత చౌడి కండ.

"ఇంతదాని కోసమా నన్ను బెంగుళూరు పొమ్మంటాండారు?"

"అంతా ఇంతదాంట్లోనే ఉండాది పెద్దమ్మా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇరవైమూడు జతల దారాలుంటాయి. ఏది ఎప్పుడు పెరగల్ల, ఎప్పుడు ఆగల్ల అనే ఆజ్ఞలన్నీ వాటి మీదే ఉంటాయి. ఈ జబ్బు వచ్చిన పిల్లోళ్ళల్లో కొంతమందికి రెండో నంబరు దారం, పదమూడో నంబరు దారం తెగి, కొసలు మారిపోయి అతుక్కుంటాయి. కొందరికి ఒకటోదీ పదమూడోదీ."

"అతుక్కుంటే మంచిదే కదా నాయనా? తెగి యాలాడేదానికంటే మేలు."

అప్పుడే వీధిలో ఎన్నికల జీపు ఒకటి మైకులో అరుచుకుంటూ పోయింది. జియావుల్లా కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ జీపుకు ఊళ్ళో ప్రతి సందూ తెలుసు. కానీ దానికి గొంతు లేదు. మైకుకు గొంతు ఉండాది గానీ కాళ్ళు లేవు. రెండూ యాడివాడ ఉంటే ఊరికి ఏ బాధా లేదు. జీపుకు మైకు కట్టినారనుకో?"

"సందు సందుకూ వచ్చి చెవులు చిల్లులు పడేట్టు అరుస్తాది. చూస్తానే ఉండాం కదా!"

"అంతే. కడుపులో బిడ్డకు కండ కట్టించే ఆజ్ఞ ఒకటుంటాది. ఆ పనైనాక అది గమ్మునుండల్ల. దానికి ఇంకోదాని గొంతు అతుక్కుంటే 'పెరుగు, పెరుగు' అని ఆగకుండా కూత పెడతాది. అట్లయితే జబ్బు మొండిది, మందు శానా గట్టిగా పెట్టాల. అతుకు లేకుంటే మందుకు బాగా లొంగుతాది. కాలికి వచ్చిన గడ్డల్లో అతుకు ఉండేదే ఎక్కువ. అందుకే తేల్చుకోవల్లంటాండారు."

"అంటే పార్టీ మార్చినోని మాదిరి. కాళ్ళు ఈ పార్టీలో, నోరు ఆ పార్టీలో."

"మెల్లగా పెద్దమ్మా, జీపు ఇంకా సందు దాటలా," అన్నాడు జియావుల్లా నవ్వుతూ.

మహాలక్ష్మమ్మ కొంచెం గొంతు తగ్గించింది. "ఇది ఎవురి రక్తంలోంచి వస్తాది? తల్లి తట్టా, తండ్రి తట్టా?"

"ఏ తట్టూ కాదు. ఆ గడ్డలోనే పుడతాది. ఎవురి తప్పూ లేదు."

మహాలక్ష్మమ్మ ఒక్క తిట్టూ తిట్టకుండా డబ్బా మూత తనే పెట్టింది. ఆమెను ఎరిగినవాళ్ళెవరైనా ఆ పూట అక్కడ ఉండుంటే ఆశ్చర్యపోయి ఉండేవాళ్ళు.

జియావుల్లా డాక్టరు కాగితం చేతికిచ్చి, ఎండలో పెట్టొద్దని, మైనం మెత్తబడుతుందని చెప్పాడు. మహాలక్ష్మమ్మకు ఒకసారి చెబితే చాలు, నాలుగింతలు చేస్తుంది. సోడా అంగడి ఖాజాబీ దగ్గర బకెట్టు తీసుకుంది. అడుగున రంపపు పొట్టు పోసి, దానిమీద ఐసుగడ్డ పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన డబ్బాను ఆనించి, పైన మళ్ళీ పొట్టు కప్పి, తడిగుడ్డ కట్టి, పులివెందుల బస్సెక్కింది. అక్కడ బెంగుళూరు బస్సు దొరుకుతుంది.

ఆ సీమలో ఆ రోజుల్లో బకెట్లో రంపపు పొట్టు పోసుకుని, గుడ్డ కట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఒకటే తోస్తుంది. నాటుబాంబులు మోసేది అట్లాగే. ఆ సంగతి మహాలక్ష్మమ్మకూ తెలుసు. కానీ ఆ పూట ఆమె తలలో చౌడి తప్ప ఇంకేదీ లేదు.

కండక్టరు ఆదినారాయణ వచ్చి, "అవ్వా, బకెట్టు కింద పెట్టు, పక్కన ఇంగొకరు కూచోవాల," అన్నాడు.

"దీని మీద చెయ్యేసినావంటే నీకు చెయ్యి ఉండదు."

ఆదినారాయణ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏముండాది దాంట్లో?"

"ఒక పానం ఉండాది. డ్రైవరుతో చెప్పు, గుంతల్లో మెల్లగా తోలమను. ఇది ఎగిరి పడిందంటే అంతా అయిపోతాది."

ఆదినారాయణ ముఖంలో నెత్తురు లేదు. డ్రైవరు దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. అక్కడి నుంచి బస్సు పెండ్లి ఊరేగింపు మాదిరి నడిచింది. గుంత వస్తే ఆగి, దేవుణ్ణి తలుచుకుని, దిగి, ఎక్కింది. మంచి డ్రైవరు, పెద్దవాళ్ళంటే మర్యాద ఉంది అనుకుంది మహాలక్ష్మమ్మ. వెనక సీట్లలో రెండు పార్టీల వాళ్ళూ గుసగుసగా వాదులాడుకుంటున్నారు.

"మీవాళ్ళు పంపించిందే అది."

"మావాళ్ళకు ముసల్దాన్ని పంపించే ఖర్మ పట్టలేదు. మీదే."

ఆగిన ప్రతి చోటా జనం తమ ఊరు కాకపోయినా దిగిపోయారు. పులివెందులకు ఇవతల చెక్‌పోస్టు చేరేసరికి బస్సులో మిగిలింది ముగ్గురు. ఈ దోవలో ఇంత ఖాళీ బస్సు ఎప్పుడూ చూడలేదని మహాలక్ష్మమ్మ సంతోషంగా కాళ్ళు చాపుకుంది. బస్సు ఆగీ ఆగకముందే డ్రైవరు ఒక తట్టు, కండక్టరు ఒక తట్టు దూకి పరిగెత్తారు.

"బకెట్టు కింద పెట్టి దూరం పోమ్మా!" దోవలో దిగినవాళ్ళెవరో ముందే ఫోను చేసినట్టున్నారు, యాపచెట్టు చాటు నుంచి ఎస్సై కేక.

మహాలక్ష్మమ్మ బకెట్టుతోనే కిందికి దిగింది. "ఏందప్పా, చెట్టెనక దాక్కోని మాట్లాడ్తాండావు? దగ్గరికి రా, డాక్టరు కాగితం ఉండాది, చదువుకో."

"నువ్వు రావొద్దు! ఆడనే ఉండు!"

"నువ్వు రావు, నన్ను రావద్దంటావు. కాగితానికేమన్నా కాళ్ళుండాయా?"

చివరికి బకెట్టును నీడన దించి, కాగితం ఊపుకుంటూ ఆయన వైపు నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, ఇద్దరు పోలీసులు పొడుగాటి వాసంతో బకెట్టును ఎత్తి పక్కనున్న నీళ్ళ తొట్టిలో ముంచేశారు.

మహాలక్ష్మమ్మ గుండె ఆ తొట్టిలోనే మునిగింది. ఇంత దూరం ఎండ తగలకుండా తెచ్చిన బిడ్డ కండ నీళ్ళ పాలైంది. మళ్ళీ కోత. మళ్ళీ రోజులు. "నా చౌడి!" అని అరుస్తూ పోయి రెండు చేతులూ తొట్టిలో పెట్టింది. చుట్టూ ఉన్న పోలీసులంతా నేలకు కరుచుకుని పడుకున్నారు. ఆమె డబ్బా బయటికి లాగి, మూత తీసి, మైనం బిళ్ళ పైకెత్తింది.

"ఇదిరా మీ బాంబు! నా మనవరాలి తొడకండ! లేసి చూడండి, మీసాలకు మన్ను అంటింది తుడుచుకోని చూడండి!"

ముందుగా లేచింది నిర్మలమ్మ అనే కానిస్టేబులు. కాగితం తీసుకుని, పిల్ల పేరు, వయసు, జబ్బు, అన్నీ పైకి చదివింది. చదివేకొద్దీ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పైపోయిందమ్మా," అన్నాడు.

"నీ తప్పు తర్వాత చూస్తా. బెంగుళూరు బస్సు ఎప్పుడు?"

బస్సు అప్పుడే పోయిందట. ఎస్సై తన జీపు ముందుకు తెప్పించాడు. ఇంతలో దోవలో దిగిపోయినవాళ్ళు వెనక ఆటోల్లో వచ్చారు. సంగతి తెలుసుకుని తలలు దించుకున్నారు. బాంబు మీదంటే మీదని వాదులాడుకున్నవాళ్ళే ఇప్పుడు కొత్త ఐసు మేము తెస్తామంటే మేము తెస్తామని పోట్లాడుకుని, రెండు పార్టీల వాళ్ళూ రెండు గడ్డలు తెచ్చారు. మహాలక్ష్మమ్మ రెండూ తీసుకుంది. కదిరి దోవలో జీపు బస్సును అందుకుంది.

మరుసటి రోజు పొద్దున బెంగుళూరు ల్యాబులో డబ్బా ఇస్తూనే ఆమె ఉన్నమాట చెప్పేసింది. "నీళ్ళల్లో మునిగింది నాయనా. చెడిపోయింటే ఇప్పుడే చెప్పు." ల్యాబు మనిషి బిళ్ళను తిప్పి చూసి నవ్వాడు. మైనంలోకి నీళ్ళు పోవని, పల్చగా కోసే ముందు తాము కూడా బిళ్ళను ఐసు మీదే పెడతామని చెప్పాడు.

వార్డు బయట రమణమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మహాలక్ష్మమ్మ పక్కనే కూలబడింది.

"రక్తం మాట తప్పంట. అది గడ్డలోనే పుడ్తాదంట. పొద్దుటూరులో చదువుకున్నోడు చెప్పినాడు."

రమణమ్మ అత్త కొంగుకు అంటుకున్న రంపపు పొట్టు దులిపింది. తర్వాత, "తిన్నావా అత్తా?" అని అడిగింది.

"యాడ తినేది, పోలీసుల్ని తిట్టేదానికే సరిపాయె."

రమణమ్మ ఇడ్లీ పొట్లం విప్పి ఆమె ముందుకు జరిపింది.

పదో రోజు డాక్టరమ్మ గోవిందునూ మహాలక్ష్మమ్మనూ లోపలికి పిలిచింది. నెల్లూరు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. కంప్యూటరు తెర మీద నీలం గుండ్రాలు కొన్ని, వాటిలో ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు.

"పదమూడో దారం మీద తెగే చోటికి ఇటు పక్క ఎర్ర రంగు, అటు పక్క పచ్చ రంగు వేశామమ్మా. తెగి ఉంటే రెండూ దూరం దూరంగా పడతాయి. చూడండి, పక్కపక్కనే ఉన్నాయి. అతుకు లేదు. మందుకు బాగా లొంగే రకం."

గోవిందు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మహాలక్ష్మమ్మ మాత్రం తెర దగ్గరికి జరిగింది. "ఎవురు చూసినారు?"

"మా వాళ్ళు రెండు వందల కణాలు లెక్కపెట్టారు."

"నేనూ చూస్తా."

గొర్రెలు దొడ్డిలోకి పోయేటప్పుడు లెక్కపెట్టినట్టే వేలు ఆడిస్తూ మొదలుపెట్టింది. ఎర్రదీ పచ్చదీ ఒక జత. ఇంకో జత. ఇంకోటి. ఉన్నట్టుండి వేలు ఆగింది.

"ఇదేంది? ఈడ ఎర్రది ఒక తట్టు, పచ్చది ఒక తట్టు!"

గోవిందు ఉలిక్కిపడి తలెత్తాడు. డాక్టరమ్మ తొందరపడలేదు. "కండను కాగితం కంటే పల్చగా కోస్తామమ్మా. ఆ కోతలో ఒకటీ అరా అట్లా కనబడతాయి. జబ్బే అట్లాంటిదైతే ముక్కాలు భాగం విడివిడిగా ఉండేవి."

మహాలక్ష్మమ్మ తెర చివరిదాకా పోయింది. మళ్ళీ మొదటికి వచ్చింది. విడిగా ఉన్నది ఆ ఒక్కటే.

"సరే, మీ లెక్క సరిగ్గానే ఉండాది," అంది. అప్పుడు గానీ ఆమె కళ్ళలోంచి నీళ్ళు రాలేదు. వచ్చాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే గోవిందు వీపు మీద రెండు దెబ్బలేసింది.

పది నెలల మందు ఆ వారంలోనే మొదలైంది. జుట్టు ఊడింది, ముందుకంటే ఒత్తుగా వచ్చింది, గడ్డ కరిగింది. చౌడేశ్వరి ఇప్పుడు జమ్మలమడుగులో స్కూలు పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం మహాలక్ష్మమ్మ వార్డుకు పోయి, నర్సు వద్దంటున్నా వినకుండా పిల్లను చంకన వేసుకుని మళ్ళీ డాక్టరమ్మ గదికే వచ్చింది.

"చూడు, నీ కండ. ఎంత అందంగా ఉండాదో."

చౌడి కళ్ళు విప్పార్చింది. "ఇవన్నీ నావేనా జేజీ?"

"అన్నీ నీవే."

"అయితే పేర్లు పెడతా. ఇది బుల్లిది. ఇది మచ్చది. ఇది సోమరిపోతు, ఒక పక్కకు వాలింది..."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. మహాలక్ష్మమ్మ ఆమె వైపు ఒక చూపు చూసింది. డాక్టరమ్మ గడియారం ఉన్న చెయ్యి బల్ల కింద పెట్టుకుని, పిల్ల కోసం తర్వాతి బొమ్మ తెర మీదికి తెచ్చింది.