ఖాలా చెప్పిన అర్థం

ఆ వేణువు ముక్క ఫోన్లో వినిపించగానే నాకు కుట్టుమిషన్ నూనె వాసన వచ్చినట్టయింది. చిన్నప్పుడు అమీర్‌పేటలో ఆదివారం పొద్దున్నే చూసిన హిందీ సీరియల్ పాట అది. ఎవరో పుణ్యాత్ములు భాగాలన్నీ నెట్‌లో పెట్టారు. పిల్లల అమ్మమ్మను పంజాగుట్ట ఆస్పత్రిలో చేర్చిన దగ్గర్నుంచి మా ఐదేళ్లవాడు సరిగ్గా తినడం లేదు. వాణ్ణీ, పదేళ్ల కూతుర్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని కథ ముందే చెప్పేస్తూ మురిసిపోతున్నాను. "ఇప్పుడు రాణి పుట్టింటికి వెళ్తుంది, చూడండి."

కూతురు నా చెవిలో గుసగుసలాడింది. "పుట్టిల్లేంటమ్మా? వైద్యుడు 'గుజర్ గయీ' అన్నాడు కదా. అంటే చచ్చిపోయిందని."

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఆ రెండు మాటలే! కూరగాయల బండి దగ్గర హిందీలో బేరమాడే నేను, ఇన్నేళ్లూ ఆ రాణి పుట్టింట్లో క్షేమంగా ఉందనుకున్నాను. ఎందుకంటే ఆ కథ నేను హిందీలో వినలేదు, పక్కవాటాలో ఉండే, మేమంతా ఖాలా అని పిలిచే ముస్లిం పిన్ని తెలుగులో విన్నాను.

మేం బాపట్ల నుంచి వచ్చిన ఏడాదే అమ్మ జబ్బుపడి ఆస్పత్రిలో చేరింది. నాకప్పుడు ఏడేళ్లు. నాన్న అమ్మ దగ్గర ఉంటే, జాకెట్లు కుట్టే ఖాలా నన్ను చూసుకునేది. "ఏడిస్తే అన్నం బంద్" అని కసురుతూనే ముద్దలు పెట్టేది. నాకు హిందీ ముక్క రాదు. సీరియల్ వస్తుంటే మిషన్ ఆపి ప్రతి మాటా తెలుగులో చెప్పేది. వైద్యుడు ఆ మాట అన్న రోజు మాత్రం మళ్లీ మిషన్ తొక్కసాగింది.

"గుజర్ గయీ అంటే ఏంటి ఖాలా?"

"దాటి పోయింది బేటా. ఊరు దాటి పుట్టింటికి పోయింది. మల్లొస్తది తియ్."

ఆ తర్వాత రాజకుమారుడు గోడకేసి చూసి మాట్లాడినప్పుడల్లా ఖాలా లేచి, టీవీకి అడ్డంగా నిలబడి తీగ కదిపేది. "బొమ్మ సక్కగ వస్తలేదు, జర ఆగు." మేడమీది యాంటెన్నాను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో!

ఒక సాయంత్రం కిరాణా కొట్టాయన "అమ్మ ఏది పాపా?" అంటే, కొత్తగా నేర్చిన మాట గొప్పగా వాడాను. "గుజర్ గయీ." ఆయన చేతిలోంచి పప్పు పొట్లం జారిపోయింది. పక్కనే ఉన్న ఖాలా నా నోరు మూసేసింది. "తోబా తోబా! గా మాట అనొద్దు బేటా. గది రాణులకే." రాణులకు వాడే మర్యాద మాట కాబోలనుకున్నాను.

రెండు నెలలకు అమ్మ నడిచి ఇంటికొచ్చింది. మెట్ల మీదే అమ్మను పట్టుకుని ఖాలా ఎందుకంత ఏడ్చిందో నాకిప్పుడు అర్థమైంది. అడుగుదామంటే ఖాలా పోయి చాలా ఏళ్లయింది. అంత అబద్ధాన్ని వారం వారం ఒక్కతే ఎలా మోసిందో!

"అమ్మా, రాణి మళ్లీ వస్తుందా?" అన్నాడు కొడుకు, నా కొంగు పట్టుకుని.

ఫోన్లో రాజకుమారుడు గోడకేసి తిరిగాడు. దండ వేసిన రాణి పటం. ఇన్నాళ్లకు మొదటిసారి చూశాను. చూస్తూనే బొటనవేలు దాని మీద పెట్టేశాను.

"వస్తుంది నాన్నా. నెట్ సరిగా లేదు, జర ఆగు."