తిమింగలం పాలు

2013లో మేం కాలిఫోర్నియా సన్నీవేల్‌లో, ఒకే కప్పు కింద రెండిళ్ళున్న డూప్లెక్స్‌లో సగభాగం అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. రెండో సగంలో ఇంటి యజమాని ఉండేవారు. డెబ్బై దాటిన అమెరికన్. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అవసరమైతే తప్ప మాట్లాడే మనిషి కాదు. మూడో తరగతి చదువుతున్న మా పాప మాత్రం ఆయన్ని వదిలేది కాదు. ఇక్కడి మన పిల్లలు పెద్దవాళ్ళందర్నీ అంకుల్ అంటారు గానీ, ఈయన్ని ఎందుకో "తాతా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ మాటకి అర్థం ఏమిటని ఆయన నన్ను అడిగారు. చెబితే, తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు పాప కోసం పెరట్లో పాత టైరుతో ఉయ్యాల కట్టారు.

ఆ ఏడాది మా అమ్మ కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంది. అమ్మ ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. వచ్చిన వారంలోనే ఆయన కాలికి ఉన్న కట్టు ఆవిడ కంట్లో పడింది. ఆయనకి షుగరు, మడమ దగ్గర పుండు పడి మానడం లేదు.

"ఎవరే ఆయనకి ఆ కట్టు కట్టింది? కొబ్బరికాయకి పీచు చుట్టినట్టుంది" అంది.

ఆయనే కట్టుకుంటున్నారని చెప్పాను. ఆ సాయంత్రమే అమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని ఆయన గడపలో నిలబడింది. "సార్, సిట్. లెగ్ అప్. లిటిల్ పెయిన్, నో ప్రాబ్లం" అంది. ఆసుపత్రిలో డాక్టర్ల వెనక తిరిగి నేర్చుకున్న ఇంగ్లీషది. ఆయన కాలు చాపారు. ఆ రోజు నుంచి కట్టు మార్చడం అమ్మ పనైపోయింది. పుండు ఎండడం మొదలైంది. ఆయన చెట్టు నిమ్మకాయలన్నీ మా వంటింట్లోకి వచ్చి పడేవి.

ఆ శరదృతువులో మాంటెరే బేలోకి ఆంకోవీ చేపలు గుంపులు గుంపులుగా వచ్చాయి, వాటి వెనకే తిమింగలాలు వచ్చాయి. పడవ ఎక్కక్కర్లేదు, మాస్ లాండింగ్‌లో ఒడ్డు మీద నిలబడినా కనిపిస్తున్నాయని ఆఫీసులో అందరూ చెప్పుకుంటున్నారు. శనివారం వెళ్దామనుకున్నాం. మావారికి ఆ రోజు ఆఫీసులో పని పడింది. అమ్మ, పాప, నేనూ.

"ఆయన్ని కూడా పిలవ్వే. పాపం, ఒక్కడూ గోడలు చూస్తూ కూర్చుంటాడు" అంది అమ్మ.

పిలిచాను. వద్దన్నారు. సముద్రం తనకి పడదన్నారు. ఆ "వద్దు" మామూలు మొహమాటం కాదని నాకు అప్పుడే అనిపించింది. కానీ అమ్మ ఊరుకోలేదు, పాప అసలు ఊరుకోలేదు. తన కాలు కడిగే మనిషి వచ్చి "సార్, కమ్. ఫ్రెష్ ఎయిర్" అంటుంటే ఆయన ఇంకేమనగలరు? టోపీ పెట్టుకుని వచ్చి కారెక్కారు.

మాస్ లాండింగ్‌లో ఇసుక మీద జనం బైనాక్యులర్లతో బారులు తీరి ఉన్నారు. మేం వెళ్ళిన కాసేపటికే నీళ్ళు కుతకుత ఉడికినట్టయ్యాయి. పక్షులు రాళ్ళలా నీళ్ళలోకి పడుతున్నాయి. ఉన్నట్టుండి రెండు పెద్ద నోళ్ళు పక్కపక్కనే పైకి లేచాయి. జనమంతా ఒక్కసారి అరిచారు. అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "అమ్మ బాబోయ్, ఎంత నోరే!" అంది. పాప గంతులేస్తోంది.

ఆయన మాకు కొంచెం వెనగ్గా నిలబడ్డారు. గాలి మావైపు తిరిగినప్పుడు ఆ తిమింగలాలు వదిలిన ఊపిరి వాసన వచ్చింది. కుళ్ళిన చేపలు, కుళ్ళిన క్యాబేజీ కలిపినట్టు. పాప ముక్కు మూసుకుని నవ్వింది. ఆయన మాత్రం కళ్ళు మూసుకున్నారు.

"హంప్‌బ్యాక్‌లు. పెద్దగా ఉన్నది ఆడది" అన్నారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే, నాకు గుర్తున్నంతలో తెలుగు చేసి రాస్తున్నాను.

"హౌ డు యూ నో, తాతా?" అంది పాప.

"నేను వీటిని కోసేవాణ్ణి."

పాప జోక్ అనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. అక్కడే, ఆ జనం మధ్యే, సముద్రం వైపు చూస్తూ చెప్పుకుపోయారు. కుర్రతనంలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఉత్తరపు ఒడ్డున తిమింగలాల్ని కోసే ఫ్యాక్టరీలో పనిచేశారట. పడవలు గోల్డెన్ గేట్ దాటి వెళ్ళి, వేటాడి, తోకకి గొలుసు కట్టి లాక్కొచ్చేవి. ఆవిరి యంత్రంతో వాటిని ఫ్యాక్టరీ ముందున్న చెక్క డెక్ మీదకి లాగితే, హాకీ కర్రంత పొడుగు పిడి ఉన్న కత్తులతో వీళ్ళు చర్మం ఒలిచేవాళ్ళు.

"తినడానికా?" అంది పాప.

"నూనె తీసేవాళ్ళం. మాంసం కుక్కలకీ పిల్లులకీ డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళు."

పాపని తీసుకుని నేను పక్కకి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. నాకూ వినాలనే ఉంది. ఇన్నాళ్ళూ పది మాటలు మాట్లాడని మనిషి ఇన్ని మాట్లాడుతుంటే కాళ్ళు కదల్లేదు.

"ఒకసారి స్పెర్మ్ వేల్ జాతి ఆడ తిమింగలం వచ్చింది. పొట్ట పక్కన కత్తి పెట్టాను. తెల్లగా వచ్చింది. కొవ్వు కరిగిందనుకున్నాను. పాలు. డెక్ అంతా పాలు. నా బూట్ల మీదుగా పారాయి. మా ఫోర్‌మన్ హోస్ పైపు తెచ్చి కడిగేశాడు. మేం మళ్ళీ పనిలో పడ్డాం."

నేను అమ్మకి తెలుగులో చెప్పబోయాను. అమ్మ చేత్తో వారించింది. మిల్క్ అన్న మాట ఆవిడకి ఒకరు చెప్పాలా?

పాప ఇక గంతులెయ్యలేదు. తిరుగు ప్రయాణంలో ఆయన పక్కన కూర్చోనని ముందు సీటు కోసం ఏడ్చింది. చిన్నపిల్లవి, ముందు కూర్చోకూడదన్నాను. చివరికి అమ్మ ముందు సీట్లోంచి లేచి వెనక మధ్యలో కూర్చుంది. తెచ్చిన పులిహోర ఎవరూ ముట్టలేదు. కొండ దారిలో మలుపులు తిప్పుతూ, అద్దంలో ఆయన ముఖం కనిపించినప్పుడల్లా చూపు తిప్పుకున్నాను. చెప్పేసినందుకు ఆయన తేలికపడినట్టు లేరు. రానన్న మనిషిని లాక్కెళ్ళి ఇంత పని చేశామేమిటా అని ఒక బాధ, ఆ మాటలు నా కూతురి చెవిన పడ్డాయే అని ఇంకో బాధ. ఎటు తిరిగినా తప్పు నా దగ్గరికే వస్తోంది.

మర్నాడు అమ్మ ఆయన ఇంటికి వెళ్ళలేదు. గాజుగుడ్డ, మందు పళ్ళెంలో సర్దుకుంది, చాలాసేపు దాని ముందు కూర్చుంది, మళ్ళీ తీసి లోపల పెట్టేసింది.

"ఇవాళ నావల్ల కాదే. ఆ చేతులు చూడలేను" అంది.

ఆయన వచ్చి అడగలేదు. ఆ తర్వాతి రోజు సాయంత్రం మాత్రం అమ్మ లేచి, "పదవే, నువ్వూ రా. నేనొక మాట అడగాలి" అంది.

ఆయన తలుపు తెరిచి, కుర్చీలో కూర్చుని కాలు చాపారు. రెండు రోజుల కట్టు అతుక్కుపోయి ఉంది. అమ్మ ఉప్పు నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీసింది. పుండు కడుగుతూ, తలెత్తకుండా, "బేబీ? సార్, బేబీ వాట్ హ్యాపెండ్?" అంది.

ఆయనకి వెంటనే అర్థమైంది.

"నేను పడవల మీద వెళ్ళలేదు. కానీ పడవ వాళ్ళు చెప్పేవాళ్ళు. తల్లిని గొలుసు కట్టి లాక్కొస్తుంటే పిల్ల వెనకాలే వచ్చేదట. చాలా దూరం వచ్చేదట. 'ఇంకో నాలుగు మైళ్ళు వస్తే తనే డెక్ ఎక్కేసేది' అని ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు."

అమ్మ చేతుల వైపు చూశారు.

"నేనూ నవ్వాను. కోసినందుకంటే, నవ్వినందుకు నాకు నిద్ర పట్టదు. నా భార్యకి కూడా చెప్పలేదు. చేపల ఫ్యాక్టరీ అనే చెప్పాను."

ఈసారి అమ్మ నావైపు చూసింది. ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. నవ్విన సంగతి దగ్గర కొంచెం తగ్గించి చెబుదామా అనిపించింది, కానీ అలాగే చెప్పేశాను. అమ్మ పుండు తుడిచింది. గాజుగుడ్డ చుట్టి, టేపు అంటించి, వేళ్ళతో అంచులు నొక్కింది. "టుమారో, సార్" అని మాత్రం అని లేచింది.

ఇంటికొచ్చాక సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ తనంతట తనే చెప్పింది.

"మా వార్డులో నొప్పులు పడే ఆడాళ్ళు కేకలు పెట్టేవాళ్ళు. మేం కసిరేవాళ్ళం. ఒక్కోసారి తొడ మీద చరిచేవాళ్ళం. 'చేసుకున్నప్పుడు తెలియలేదా' అని ఆయా అంటే మేమంతా నవ్వేవాళ్ళం. అక్కడ అందరూ అలానే ఉండేవారు మరి. ఆయన్ని నేనేమంటానే?"

అమ్మ ఆ మాట అంతకుముందెప్పుడూ అనలేదు. నన్ను కన్నదీ ఆ వార్డులోనే. తువ్వాలు అందించాను.

పాప మాత్రం ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఉయ్యాల ఎక్కేది కాదు. ఆయన పెరట్లో కనిపిస్తే లోపలికి వచ్చేసేది. అలా చాన్నాళ్ళు గడిచాక, ఒక రోజు స్కూల్ నుంచి వస్తూనే తిన్నగా ఆయన తలుపు కొట్టింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"మా క్లాస్‌లో తిమింగలాల యూనిట్ చేస్తున్నాం. మీరొచ్చి చెప్పాలి. ట్రూగా చెప్పాలి" అంది ఇంగ్లీషులో. తాతా అనలేదు. ఇంటి పేరుతో మిస్టర్ అంది.

ఆయన నావైపు చూశారు. అక్కర్లేదని చెప్పండి అన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను. ఆయన పాపతో, "వస్తాను" అన్నారు.

టీచరు మొదట వెనకాడింది. నేను వెళ్ళి మాట్లాడాక, రక్తం సంగతులు వద్దని చెప్పి ఒప్పుకుంది. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పిల్లలు కార్పెట్ మీద కూర్చున్నారు. వెనక చిన్న కుర్చీల్లో అమ్మా నేనూ.

ఆయన రక్తం మాట ఎత్తకుండా, తన పని ఉన్నదున్నట్టు చెప్పారు. ఒక కుర్రాడు, "మీరు మంచివాళ్ళు కాబట్టి ఆపేశారా?" అని అడిగాడు.

"లేదు. నేను ఆపలేదు. నేను చేరిన కొత్తలో తిమింగలం డెక్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉండేది. పడవలు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేవి. పోను పోను పడవలు దూరం వెళ్ళాల్సి వచ్చింది. చిన్నవి తేవడం మొదలుపెట్టారు. డెక్ సగం ఖాళీ. అవి అయిపోతున్నాయని మాకందరికీ కళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఒక్కరం కూడా అనలేదు. తర్వాత హంప్‌బ్యాక్‌లని ముట్టకూడదన్నారు, మిగతావాటి మీద పడ్డాం. చివరికి ప్రభుత్వం మొత్తం ఆపించింది. ఫ్యాక్టరీ మూసేస్తే నేను ఉద్యోగం పోయిందని కోపం తెచ్చుకున్నాను."

"ఇప్పుడు మళ్ళీ వచ్చాయి కదా!" అంది ఒక పాప.

"కొన్ని వచ్చాయి. ఇన్నేళ్ళు పట్టింది. రావడానికి నేను చేసిందేం లేదు."

పిల్లలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక టీచరు వైపు చూశారు. టీచరు కొట్టింది, వాళ్ళూ కొట్టారు. ఆయన చేతులు అడ్డంగా ఊపి వద్దన్నారు.

సాయంత్రం అందర్నీ నేనే ఇంటికి తీసుకొస్తున్నాను. ఆయన ముందు సీట్లో ఉన్నారు. వెనక అమ్మ పక్కన కూర్చున్న పాప ఉన్నట్టుండి అంది.

"మీరు పాల సంగతి చెప్పలేదు."

ఆయన వెనక్కి తిరిగారు. "వాళ్ళు చిన్నపిల్లలు కదమ్మా."

"నేనూ చిన్నపిల్లనే. నాకు చెప్పారు."

సిగ్నల్ దగ్గర బండి ఆపాను.

"అవును. నీ ముందు చెప్పకూడదు. తప్పు చేశాను. సారీ" అన్నారు ఆయన.

"ఓకే" అంది పాప. ఇక్కడి పిల్లలు ఆ మాట క్షమించినప్పుడూ అంటారు, విన్నానని చెప్పడానికీ అంటారు. అది ఏ ఓకేనో నాకు తెలియలేదు.

ఆ రోజు ఇసుకలో పాప పక్కన నిలబడ్డది నేను. ఆపగలిగిందీ నేనే. సారీ నేను కూడా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. పచ్చ లైటు పడింది, బండి పోనిచ్చాను.