కెమెరా చూస్తే బ్రేకు

మా నాన్న స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి. కెమెరా కనబడితే చాలు, బిగుసుకుపోతారు. చేతులు కిందికి, గడ్డం పైకి, ఊపిరి లోపలికి. గేటు పాసు ఫొటోకి అలా కూర్చోమన్నారట. పాసు తిరిగిచ్చేసినా ఆ భంగిమ మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

ఆయన పాత నీలం స్కూటర్ని మా ఊళ్లోని సుపేలా బజారు మెకానిక్‌కి అమ్మేశారు. మర్నాడే వచ్చి తీసుకుపోతాడు. నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన బండి అది. అది కదులుతున్న ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు. అన్నిట్లోనూ స్టాండు మీదే ఉంటుంది, పక్కన నాన్న కూడా స్టాండు వేసినట్టే ఉంటారు. ఈరోజు తీయకపోతే ఇంకెప్పుడూ లేదని నాకు నిజంగా దిగులు పట్టుకుంది.

పద్ధతి తేలికే. షటర్ నెమ్మదిగా పెట్టి, బండితోపాటే కెమెరాని తిప్పుతూ నొక్కాలి. వెనకున్న చెట్లూ గోడలూ గీతలైపోతాయి, బండి మాత్రం స్పష్టంగా పరిగెడుతుంది. ముందు అది పరిగెట్టాలి కదా!

రోడ్డు పక్కన నిలబడ్డాను. నాన్న బండి మీద వచ్చారు, నన్ను చూశారు, బ్రేకు వేశారు. కాలరు సర్దుకుని ఊపిరి బిగబట్టారు.

"నాన్నా, రుకో మత్! ఆగకు!"

"కదిల్తే ఫొటో పాడైపోద్ది. అదీ తెలీదేటి నీకు?"

రెండోసారీ అంతే. మూడోసారి హారన్ కొట్టి మరీ ఆగారు. అమ్మ వరండాలోంచి మెచ్చుకుంది. "ఇన్నేళ్లలో ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు. నువ్వు భలే ఆపుతున్నావే!"

చివరికి పక్కింటివాళ్లు ఆరేసిన దుప్పటి వెనక దాక్కున్నాను. నేను ఇంట్లోకి వెళ్లిపోయాననుకుని నాన్న హాయిగా వచ్చారు. కెమెరా తిప్పుతూ నొక్కాను. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన "రామ్ రామ్ భయ్యా!" అన్నాడు. పలకరిస్తే తిరిగి పలకరించకుండా పోవడం నాన్నకి చేతకాదు. తల తిప్పారు.

బండి అద్భుతంగా వచ్చింది, మడ్‌గార్డు మీది సొట్టతో సహా. నాన్న మొహం మాత్రం అలుక్కుపోయింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఇదేటి, మూడు ముక్కులు?"

నాకు ఏడుపొచ్చింది. నాన్న మాత్రం కెమెరా అందుకుని ఇక వదల్లేదు.

"నా మొహానికేటిలే. బండి చూడు, ఎలా పోతోందో!"

మర్నాడు మెకానిక్ బండి ఎక్కగానే కెమెరా ఎత్తాను. ఈసారి తిప్పడానికి చేతులు రాలేదు. గేటు దగ్గర నాన్న నన్ను చూసి అలవాటుగా బిగుసుకున్నారు. ఆ ఫొటోలో బండి ఒక నీలం గీత. నాన్న ఎంతో స్పష్టంగా వచ్చారు, ఒక్కరే.