పాటిదిబ్బలో దొరికిన అతుకు

దెయ్యాల్లేవు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్లో సగం మంది నాకు దెయ్యం పట్టిందని అనుకుంటున్నారు. శ్మశానం పక్క చేలో ఒక్కదాన్నే కలుపు తీసినదాన్ని నేను. ఉప్పెన తీసిన మర్నాడు మా పుట్టింటివాళ్లను వెతుక్కుంటూ కోడూరు దాకా నడిచినదాన్ని. దెయ్యాలే ఉంటే ఆ దారిలో ఎవరో ఒకరు నన్ను పలకరించి ఉండాలి. ఎవరూ పలకరించలేదు.

నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని రాస్తాను. అక్షరాల తప్పులు మా మనవరాలు దిద్దింది. సంగతిలో మాత్రం ఆమెను చెయ్యి పెట్టనివ్వలేదు.

మాది మొవ్వకు దిగువన చిన్న ఊరు. మా చేను చివర పాటిదిబ్బ ఉంది. ఎప్పుడో ఊరు ఉండి పోయిన చోటును మావాళ్లు పాటి అంటారు. నల్లమట్టి, బూడిద, ఆల్చిప్పలు, ఎక్కడ గీరినా కుండపెంకులు. ఆ మట్టి చేలో వేస్తే మంచి ఎరువు. మా మామగారి కాలం నుంచి వేసవి రాగానే బళ్లు కట్టి తోలుకునేవాళ్లం. నేనూ తట్టలకొద్దీ మోశాను. పెంకు కాలికి గుచ్చుకుంటే తిట్టుకుంటూ ఏరి గట్టున పారేశాను. అలా తోలగా తోలగా ఇప్పుడు మనిషెత్తు దిబ్బ ఒక్కటి మిగిలింది. ఇన్నేళ్లలో అక్కడ నాకు ఏ తేడా కనిపించలేదు.

నా బొటనవేలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి కుడిచేతి బొటనవేలికి ఏటవాలుగా గంటు పడింది. అది పూడలేదు. రేషన్ ఇచ్చే చోట మిషను ఆ వేలిని తీసుకోదు, వేరే వేలు పెట్టాలి. కాగితం మీదైతే నేను ఏ వేలూ పెట్టను. మూడో తరగతి అయినా సంతకం నేర్చుకున్నాను. ఒక ఆఫీసులో గుమాస్తా నా మొహం చూసి, అడక్కుండానే సిరా డబ్బా ఇటు జరిపాడు. దాన్ని వెనక్కి తోసి పెన్ను అడిగాను.

రెండేళ్ల కిందట బందరు నుంచి ఒక సంఘంవాళ్లు రావడం మొదలుపెట్టారు. పాత ఊళ్ల గురించి తెలుసుకోవాలని సరదా ఉన్నవాళ్లు. జీతం లేదు, భత్యం లేదు. వాళ్లకు పెద్ద, రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన. ఆయన వెంట సుగుణ అని నర్సమ్మ. ఆదివారం చర్చి అయ్యాక స్కూటీ మీద వచ్చేది. ఇంకో నలుగురైదుగురు వస్తూ పోతూ ఉండేవారు.

వాళ్లు తవ్వరు. తవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోదట. వరుసగా నిలబడి, తల వంచుకుని, నాట్లు వేసేవాళ్లలా చేనంతా నడుస్తారు. పెంకు కనిపిస్తే చోటు టేపుతో కొలిచి, సంచిలో వేసి, నంబరు రాస్తారు. తర్వాత మా పంపు దగ్గర కూర్చుని పళ్లు తోముకునే బ్రష్షులతో ఆ పెంకులు తోముతారు.

నాకు నవ్వొచ్చింది. "ఏంటండీ మాస్టారూ, మా అత్త పారేసిన పెంకులకి కూడా నంబర్లేనా?" అన్నాను.

"మీ అత్తగారివైతే వద్దమ్మా. ఆవిడ అత్తగారికి అత్తగారివైతే ఇవ్వండి" అన్నాడాయన.

వాళ్లు పంపు తిప్పి నీళ్లు వదిలేసి కడుగుతుంటే నాకు ఒళ్లు మండి, బేసిన్లో నీళ్లు పట్టి నేనే కడగడం మొదలుపెట్టాను. అలా వాళ్లకూ నాకూ పొత్తు కుదిరింది. పెంకుల మీద ప్రేమతో కాదు, నీళ్ల కోసం.

ఈ లోపల మా తోడికోడలు కొడుకు శ్రీను చుట్టుపక్కల చేలన్నీ తీసుకుని చేపల చెరువులు తవ్వించాడు. దిబ్బ అడ్డంగా ఉంది, చదును చేసి చెరువులో కలిపేస్తాను పెద్దమ్మా, అన్నాడు. సరే అన్నాను. వరి పండని మెరక, దాన్ని పెట్టుకుని ఏం చేస్తాను? మాస్టారు వచ్చి బతిమాలాడు. కోప్పడలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ అదే మాట అడిగాడు. "మాటిచ్చేశాను మాస్టారూ" అన్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం నా ఇంటా వంటా లేదు. ఊరంతటికీ తెలుసు.

చివరికి ఆయన ఒక్కటే కోరాడు. మిషనుతో ముందు ఒక పక్క కాలవలాగా తీయించి, ఆ గోడను ఒక్క పూట చూసుకోనివ్వాలి. శ్రీను ఆదివారం ఒక్కరోజు ఆగుతానన్నాడు. సోమవారం దిబ్బ మొత్తం తీసేయాలని మాట.

ఆ ఆదివారం పగలు పదకొండు గంటలు. మాఘమాసం, మబ్బు లేదు. ముందురోజు బాగా నిద్రపోయాను. పొద్దున చద్దన్నం తిన్నాను. మందులేవీ వేసుకోను. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే తర్వాత అందరూ నన్ను అడిగింది ఇవే.

పొక్లెయిన్ తూర్పు పక్కన నిలువుగా కోసిపెట్టింది. ఆ గోడలో మట్టి, చాపల మీద చాపలు పరిచినట్టు పొరలు పొరలుగా కనిపించింది. నడుమెత్తులో ఒక తెల్లటి పొర, సున్నం వేసి గట్టిగా కొట్టిన ఇంటినేల. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగలేదు. దాని కింద జానెడు లోతులో ఒక పెంకు అంచు రెండు వేళ్ల మందాన బయటికి కనిపిస్తోంది. మాస్టారు ముందు కొలిచాడు, బొమ్మ గీశాడు, ఫొటో తీశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని వెదురు పుల్లతో చుట్టూ మట్టి గీకుతున్నాడు. సుగుణ కింద గుడ్డ పట్టుకుంది. నేను పైన గట్టున కొంగు నెత్తిన వేసుకుని నిలబడ్డాను.

అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"మెల్లిగా మాస్టారూ! లోపలి పక్క అతుకుంది. గుడ్డ పెట్టి వేసింది. ఊడొస్తుంది."

నేను ఆలోచించి అనలేదు. పాలు పొంగుతుంటే చెయ్యి దానంతట అది వెళ్లి గిన్నె పట్టుకుంటుంది చూడండి, అలా వచ్చింది. నా మాట వాళ్లు విన్నప్పుడే నేనూ విన్నాను.

మాస్టారు తలెత్తాడు. "ఏం అతుకమ్మా?"

"ఏమో" అన్నాను. ఆ క్షణాన నా దగ్గర ఉన్న నిజం అదే.

పొక్లెయిన్ నీడలో కూర్చున్న శ్రీను నవ్వాడు. "పెద్దమ్మకి కంటి ఆపరేషన్ చేసినాయన ఎక్స్‌రే మిషను కూడా పెట్టినట్టున్నాడు."

ఇంకో పది నిమిషాలకు పెంకు వచ్చింది. అరచేయంత ఉంది. మాస్టారు దాన్ని గుడ్డమీద తిరగేశాడు. లోపలి పక్క తెల్లటి సున్నపు అతుకు. దాని మీద నూలుగుడ్డ నేత అచ్చు పడి ఉంది.

పొక్లెయిన్ డ్రైవరు బీడీ ఆర్పి దగ్గరికి వచ్చి చూశాడు.

ఈ అతుకు గురించి చెప్పాలి. స్టీలు బిందెలు రాకముందు మా ఇళ్లల్లో కుండ బీటవేస్తే పారేసేవాళ్లం కాదు. సున్నంలో బెల్లం కలిపి నూరి, పాత పంచె పేలికకు పట్టించి, బీట మీద వేసి బొటనవేలితో కింద నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్లాలి. మా అమ్మమ్మ నేర్పింది. చివరి నొక్కు ఎడమకు తిప్పి వదలడం మాత్రం నాకు నేనే చేసుకున్నాను. గంటు ఉన్న వేలు తిన్నగా ఎత్తితే గుడ్డ లేచి వస్తుంది. ఆ చివరి నొక్కు దగ్గర, నా గంటు వల్ల, సున్నం మీద సన్నటి చేనుగట్టులా ఒక గీత లేచి ఉంటుంది.

పెంకు మీద నొక్కులు కింద నుంచి పైకి ఉన్నాయి. చివరిది ఎడమకు తిరిగింది. అందులో ఏటవాలుగా సన్నటి గట్టు లేచి ఉంది.

ముందు చూసింది సుగుణ. ఆ పిల్ల అంతకుముందు ఒకసారి నా చేతికి కట్టు కట్టింది, ఆ వేలు ఆమెకు తెలుసు. "మామ్మగారూ, మీ చెయ్యి ఒకసారి ఇటివ్వండి" అంది.

"ఎందుకే?"

"ఇవ్వండి, కొరుక్కుతిననులెండి."

గట్టు దిగి వెళ్లి అతుకు మీద బొటనవేలు పెట్టాను. దాని మీది సన్నటి గీత నా వేలి గంటులో సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి సందు లేదు. చల్లగా ఉంది. మట్టి లోపలి నుంచి వచ్చినది చల్లగానే ఉంటుంది, అందులో వింతేం లేదు.

శ్రీను మొహంలో నవ్వు పోయింది. "నువ్వే ముందు పాతిపెట్టావా పెద్దమ్మా? చెరువు ఇష్టం లేకపోతే నోటితో చెప్పచ్చుగా, ఈ నాటకాలెందుకు?"

"ఒరేయ్, పైన ఆ సున్నం నేల చూడు. దాన్ని పగలగొట్టకుండా కింద నేనెలా పెట్టాన్రా? ఎలికలా దూరానా?"

మాస్టారు ఆ నేలను మళ్లీ అంగుళం అంగుళం చూశాడు. కన్నం లేదు, తిరగతోడిన మట్టి లేదు. అయినా ఆయన నా వంక చూసిన చూపులో అనుమానం ఉంది. అది నాకు శ్రీను మాటకన్నా ఎక్కువ కాలింది. తిన్నగా ఇంటికి వెళ్లాను. పెళ్లయిన కొత్తలో నేను అతికిన కుండ ఒకటి ఇప్పటికీ ఉంది, ఉప్పు పోసుకుంటాను. ఉప్పు డబ్బాలోకి ఒంపి, కుండను చంకన పెట్టుకుని తెచ్చి ఆయన ముందు పెట్టాను.

మాస్టారు భూతద్దం తీసి రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నా కుండ మామూలు ఎర్రకుండ. ఆ పెంకు బయట ఎరుపు, లోపల నునుపైన నలుపు. అలాంటివి చెయ్యడం మానేసి ఎన్ని వందల ఏళ్లయిందో ఆయన ఎప్పుడూ చెబుతూనే ఉంటాడు.

"కుండలు వేరు కాలాలవమ్మా. చెయ్యి మాత్రం..." అని ఆపేశాడు.

నేను శ్రీను వైపు తిరిగాను. "మిషను తీసుకెళ్లరా. దిబ్బ ఇవ్వను."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను."

ఇదే ఊరికి మింగుడుపడలేదు. పెంకు సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ ముసల్ది మాట తప్పిందంటే లోపల ఇంకెవరో ఉన్నారన్నారు. మా తోడికోడలు తాయెత్తు పట్టుకుని వచ్చింది. "కట్టించుకో అక్కా, నీ మంచికే."

"నీ కొడుక్కి కట్టు. వాడికి చెరువు దెయ్యం పట్టి మూడేళ్లయింది" అన్నాను. అప్పటి నుంచి మా గడప తొక్కలేదు.

వాళ్లందరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నాను. నా కలలోకి ఎవరూ రాలేదు. ఎవరి గొంతూ నాకు వినిపించలేదు. దిబ్బ ఇవ్వొద్దని ఎవరూ నాకు చెప్పలేదు. నా బుద్ధితో నేనే ఆపాను. ఎవరో ఆడమనిషి, బీటవేసిన కుండను పారేయకుండా అతుక్కుని వాడుకుంది. అలాంటి ఇంటిని నేను తట్టలకెత్తి చేలో పోశాను, పెంకులు గట్టున విసిరేశాను. మిగిలిన ముక్కను చేపలకు ఇవ్వను. దీనికి దెయ్యం అక్కర్లేదు.

మాస్టారు తర్వాత నాకు సర్దిచెప్పాలని చూశాడు. కొడవలి గంట్లు చాలామందికి ఉంటాయన్నాడు. ఉంటాయి. సున్నం అతుకు పాతకాలం నుంచీ ఉన్నదే అన్నాడు. అయి ఉండచ్చు. మట్టిలోంచి తెలుపు కాస్త కనిపించి ఉంటుంది, అందుకే అన్నారమ్మా అన్నాడు. మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి, నిలబడ్డ చోటే నిలబడి చూశాను. గోడలో పెంకు అచ్చు ఇంకా ఉంది. అతుకున్న పక్క లోపలికి, దిబ్బ వైపు తిరిగి ఉంది. అక్కణ్ణించి మనిషి కంటికి ఆనదు. సుగుణేమో ప్రభువు చిత్తం అంది. దానికీ నేను తలూపలేదు.

దిబ్బను కాపాడమని సంఘంవాళ్లు అర్జీ పెడతామన్నారు. దానికోసం రిజిస్టరు తెచ్చుకుని మా అరుగు మీద కూర్చున్నారు. నన్ను గురించి ఏం రాశారో చదవమన్నాను. పెంకు కొలతలు, లోతు, రంగు, లోపల సున్నపు అతుకు. అంతే.

"నేను ముందే చెప్పానని రాయలేదేం?"

"అది రాస్తే నవ్వుతారమ్మా. దాంతోపాటు మిగతాదంతా కొట్టిపారేస్తారు. దిబ్బ పోతుంది" అన్నాడు మాస్టారు.

"పెంకు ఎక్కడుందో అంగుళాలతో సహా రాస్తారు. మనిషి అన్న మాటను వదిలేస్తారా? జరిగింది రాయనప్పుడు ఆ టేపులెందుకండీ, ఆ నంబర్లెందుకు? దిబ్బ నాది. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఉంచుతాను."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత రాసి, పైకి చదివాడు. "పెంకు తీయకముందే లోపల అతుకు ఉందని చేను యజమానురాలు చెప్పారు. ఎలా తెలిసిందో తెలియదు." కింద సంతకం చెయ్యమన్నాడు.

చేశాను. పెన్ను కింద పెట్టి, పెంకుల మీద నంబర్లు వేసే సిరాసీసా ఇటివ్వమని సుగుణను అడిగాను. కుడి బొటనవేలికి రాసుకుని, సంతకం పక్కన నొక్కాను. పుట్టి బుద్ధెరిగాక కాగితం మీద నేను వేసిన వేలిముద్ర అదొక్కటే. ఎవరూ నా ముందుకు సిరా జరపలేదు, నేనే అడిగి వేశాను. నల్లటి ముద్రలో గంటు తెల్లగా పడింది.

దిబ్బ ఉంది. పెంకూ, నా వేలిముద్ర పడ్డ రిజిస్టరూ మాస్టారి దగ్గర ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆ అతుకు వేసిందెవరో, ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

దెయ్యాలు మాత్రం లేవు.