నల్ల తెర, తెలుగు మెనూ

ఆ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ సూర్యాపేట బస్టాండ్ ఎదురుగా, చెప్పుల దుకాణం పైన ఉండేది. తొంభైల చివర్లో నేనక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి. మాది మిర్యాలగూడ, రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. యజమానిది కోదాడ. అందరం ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలుంటే పట్టుకుంటున్నారని ఎవరో చెబితే భయపడి, మిషన్లన్నిట్లో ఉన్నది తుడిచేసి, ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు.

మిషన్ ఆన్ చేస్తే నల్లటి తెర వచ్చేది. పేరు అడిగేది, పాస్‌వర్డ్ అడిగేది, ఆ తర్వాత మాట్లాడేది కాదు. అన్నీ మనమే గుర్తుపెట్టుకుని ఇంగ్లీషులో కొట్టాలి. అందులో మౌస్‌తో నొక్కే బొమ్మల తెర కూడా ఉంది కానీ పెద్దసారు దాన్ని తెరవనిచ్చేవాడు కాదు.

"కష్టంగా ఉంటేనే కదండీ మన దగ్గరికొచ్చేది! వాళ్లంతట వాళ్లే చేసుకుంటే ఇక మనమెందుకు?" అనేవాడు నాతో.

ఆ కష్టం ఆయనకు వ్యాపారమే కాదు, కాలక్షేపం కూడా.

చివ్వెంల దగ్గరి పల్లె నుంచి ఒకామె చేరింది. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. గొర్రెలు కాసుకునే కుటుంబం. ప్రైవేటుగా ఇంటర్ పాసై, ఊళ్లోని ఎరువుల దుకాణంలో బిల్లులు రాసేది. దుకాణంలోకి కంప్యూటర్ వస్తోందని, నేర్చుకుంటేనే పనిలో ఉంచుకుంటానని సేటు చెప్పాడట.

మొదటి రోజే పెద్దసారు ఆమె ముందు రాత ప్రోగ్రామ్ ఒకటి తెరిచాడు. "మీ పేరు కొట్టి బయటికి రండి, చాలు" అన్నాడు. దానిలో అక్షరం పడాలన్నా ముందు ఒక మీట నొక్కాలి, బయటికి రావాలన్నా వేరే మీటలు నొక్కాలి. అవేవీ చెప్పలేదు. ఆమె కొడుతుంటే మిషన్ కీచుకీచుమంది. పెద్దసారు మిగతావాళ్లను పిలిచి ఆమె చుట్టూ నిలబెట్టాడు.

"గొర్రెల్ని దొడ్లోంచి బయటికి తోలడం వచ్చు కదండీ! ఇది రాదా?"

అందరూ నవ్వారు. ఆమె చెమటతో తడిసిన వేళ్లతో అన్ని మీటలూ నొక్కి, చివరికి స్విచ్ ఆపేసింది. మళ్లీ ఆన్ చేస్తే మిషన్ సగంలో ఆగి ఏవో ఇంగ్లీషు వాక్యాలు చూపించింది. నేను కాసేపట్లో సరిచేశాను. అయినా ఆ రోజు నుంచి పెద్దసారు ఆమెను "మిషన్‌ని చంపినామె" అనే పిలిచేవాడు.

ఆమె రావడం మానలేదు. నేను ఒకరోజు పొద్దున్నే ముందుగా వచ్చి, ఆమె కూర్చునే మిషన్‌లో బొమ్మల తెర తెరిచి, మెనూలోని మాటలు మార్చాను. తెలుగు లిపి పెట్టడం నాకు చేతకాలేదు. ఇంగ్లీషు అక్షరాలతోనే రాయి, దాచు, బయటికి పో, మిషన్ బంద్ అని తెలుగు మాటలు పెట్టాను. ఖాళీ చోట మౌస్ నొక్కితే అవి వరసగా కనిపించేవి.

ఆమె చదివింది, నొక్కింది, బిల్లు రాసి దాచింది, మిషన్ బంద్ చేసింది.

"గింతేనా సారూ? గీ ముచ్చట మొదలే చెప్తె అయిపోవు గద!" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

ఒకరోజు గరిడేపల్లి నుంచి ఒక రైతు, కూతుర్ని చేర్పించడానికి వచ్చి, ఆమె పని చూస్తూ నిలబడ్డాడు. "గింత అల్కగున్నదానికి ఆర్నెల్ల కోర్సు ఎందుకు?" అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. అంతా విన్న పెద్దసారు నవ్వుతూ నాకు టీ తెప్పించాడు.

సర్టిఫికెట్ పరీక్ష రోజు పెద్దసారు ఎరువుల దుకాణం సేటును కూడా పిలిచి కుర్చీ వేశాడు. ఆమె మిషన్‌లో నేను పెట్టిన మెనూ లేదు. నల్ల తెర, దాని మీద అదే రాత ప్రోగ్రామ్. ఆమె తెరను చూసింది, నన్ను చూసింది.

"నోరెత్తితే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు పెద్దసారు నాతో.

"అక్కా, ముందు ఎస్కేప్ మీట నొక్కు" అన్నాను.

"కాపీ!" అని చప్పట్లు కొట్టాడు పెద్దసారు. "అందరూ విన్నారు కదా! ఫెయిల్."

"నేను ముందుగాలనే అనుకున్న. గీమెతోని ఏమైతది?" అన్నాడు సేటు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నన్నూ ఆ సాయంత్రమే పనిలోంచి పంపేశాడు పెద్దసారు.

తర్వాతి ఏడాది పెద్దసారు కోదాడలో ఇంకో ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. 'మన మాటల్లోనే కంప్యూటర్' అని బ్యానర్ కట్టాడు. వెళ్లి చూస్తే అన్ని మిషన్లలోనూ నేను రాసిన మెనూయే ఉంది.

ఆ రోజు సూర్యాపేట మీదుగా తిరిగి వస్తుంటే చివ్వెంల దగ్గర బస్సు టైరు పంచరైంది. దిగి చూస్తే రోడ్డు పక్కన గొర్రెలతో ఆమె కనిపించింది. మెనూ సంగతి చెప్పాను. కోపంతో తిడుతుందనుకున్నాను.

"మొదటి నాడు రానప్పుడే ఊకుందును సారూ, నాతోని కాదని. నువ్వు అల్కగ జేసి, నాకు వస్తదని సూపెట్టినవ్. వస్తదని ఎరుకైనంక ఈ గొర్లెంబడి తిరుగుడు ఎట్లుంటదో నీకేం తెలుసు? గా సారు నన్ను నవ్వులపాలు జేసిండు, గంతే. నువ్వే ఖరాబు జేసినవ్."

ఏదో చెప్పబోయాను.

"ఇగ పో సారూ" అని, మందను అదిలించుకుంటూ చేనులోకి దిగిపోయింది.