రమ్మీ ఇంట్లో పోకర్

మొన్న ఆదివారం సైబర్‌జయ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. అక్కడ ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆఫీసు వాళ్లు శుక్రవారాలు పేకాట మొదలుపెట్టారట; సగం మంది రమ్మీ, సగం మంది పోకర్. "ఏది నేర్చుకోమంటావు మావయ్యా? అమ్మని అడిగితే రెండూ వద్దంది లా. ఎందుకో సెప్పదు," అంది. తెలుగు అర్థమవుతుంది గానీ, మాట చివర మా మలేసియా వాళ్ల 'లా' తగిలిస్తూ, నాలుగు మాటలయ్యేసరికి తమిళంలోకి జారిపోయే పిల్ల. ఆ మాత్రం తెలుగులో అడిగిందంటే గట్టిగానే అడిగినట్టు. నేను ఆలోచించకుండా పోకర్ అన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రమ్మీ తప్ప మరోటి ఆడనివాణ్ణి, అలా అన్నానేమిటని ఫోన్ పెట్టేశాక నాకే ఆశ్చర్యం వేసింది. కారణం వెతుక్కుంటూ కూర్చుంటే టీ చల్లారిపోయింది.

మా నాన్న సుంగై సుమున్ ఎస్టేటులో పామాయిల్ గెలలు కోసిన మనిషి. పొడుగాటి గెడకు కొడవలి కట్టి రోజంతా ఎత్తి దించిన చేతులు. ఆ చేతులతోనే మాకు రమ్మీ నేర్పాడు. నేర్పడం అంటే కొట్టడమే. ఆదివారం భోజనాలయ్యాక వరండాలో చాప పడేది. నాన్న, అమ్మ, అక్క, నేను. పక్కవాళ్లకి పనికొచ్చే ముక్క పారేస్తే మొట్టికాయ. సీక్వెన్స్ లేకుండా షో అంటే చెంపదెబ్బ. ఇస్పేటుకీ కళావరుకీ తేడా నాకు చెవి మీద దెబ్బతోనే తెలిసింది, అందుకే ఇప్పటికీ మర్చిపోలేదు. ఆట అయ్యాక మాత్రం ఆయనది ఒకే ధర్మం. ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ అందరూ తమ ముక్కలు చాప మీద తిప్పి పరచాలి. ఎవరి తప్పు ఎక్కడుందో అందరూ చూడాలి. ఒకసారి అమ్మ పొరపాటున జోకర్‌ను పారేసింది. నాన్న చేతిలోని ఇత్తడి గ్లాసు వెళ్లి ఆమె కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు ముక్కల మీద పడితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ పంచాడు. అమ్మ కొంగుతో నుదురు అదిమిపెట్టుకుని ఆ ఆట కూడా ఆడింది, పైగా గెలిచింది. ఈ సంగతి ఏళ్ల తరబడి చుట్టాలకు చెప్పి నవ్వేవాళ్లం. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎస్టేటు వదిలి క్లాంగ్ పట్నం వచ్చాక అక్కకు పెళ్లయింది. బావ పోర్టులో కంటెయినర్ లారీ తోలేవాడు. నోట్లో వేలు పెట్టినా కొరకడని మా వీధంతా పేరు. నాన్న కోపం చూసి పెరిగినవాళ్లం కదా, అలాంటి అల్లుడు దొరికాడని పొంగిపోయాం. పెళ్లయిన నాలుగో ఏడు, ఒక ఆదివారం, అక్క మణికట్టుకు కట్టుతో, బావ వెంట వచ్చింది. చంకలో మూడేళ్లు నిండని పిల్ల. మొన్న ఫోన్ చేసింది ఆ పిల్లే. "బాత్రూంలో జారినాను," అంది అక్క. "నేల తడిగా ఉంది మావా, నాను సూసుకోలేదు," అన్నాడు బావ, రెప్ప కొట్టకుండా. అందరం నమ్మేశాం. నమ్మితే భోజనం పాడవదు మరి.

ఆ మధ్యాహ్నం బావ, తోటి డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న పోకర్ మాకు నేర్పుతానన్నాడు. పందేనికి అగ్గిపుల్లలు. తలా రెండు ముక్కలు దాచుకోవాలి, మిగతావి అందరికీ కనబడేలా మధ్యలో ఉంటాయి. నేను ముందే వదిలేశాను. చివరికి నాన్న, బావ మిగిలారు. నాన్న చేతిలో రెండు రాజులు ఉన్నాయి, పక్కనుంచి నాకు కనిపిస్తున్నాయి. బావ తన అగ్గిపుల్లలన్నీ ముందుకు తోసి ఊరుకున్నాడు. మొహంలో ఏమీ లేదు. నాన్న చాలాసేపు చూసి, జంకి, ఆట వదిలేశాడు. అలవాటు కొద్దీ ముక్కలు తిప్పి పరిచాడు. బావ మాత్రం తన రెండూ బోర్లాగానే కట్టలో కలపబోయాడు.

"సూపించు," అన్నాడు నాన్న.

"సూపించక్కర్లేదు మావా. నువ్వు వదిలేసినావు కదా, ఆట అంతే లా."

"నా ఇంట్లో ముక్క దాయడం ఏటి?" అని నాన్న ఆ రెండూ లాక్కుని తిప్పాడు. పోకర్ ఆడేవాళ్లకు అంతకన్నా అవమానం లేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. రమ్మీ వాళ్లం, మాకేం తెలుసు? ఇస్పేటు ఏడు, డైమను రెండు. చిల్లిగవ్వ చెయ్యని ముక్కలు.

నాన్న ముక్కలు చూశాడు. బావ మొహం చూశాడు. అది ఇంకా అలాగే ఉంది. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క కట్టు చూశాడు. "బాత్రూం సంగతి సెప్పినప్పుడూ ఇదే మొగం," అన్నాడు నెమ్మదిగా. "దాని సెయ్యి నువ్వు ఇరిచినావా?" అక్క తల దించుకుంది.

నాన్న పక్కనున్న చెక్క పీట ఎత్తి బావ భుజం మీద వేశాడు. బావ లేచి నాన్న దవడ మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి అగ్గిపుల్లల్లో పడింది. ఆ మెత్తని మనిషికి గుద్దడం ఎంత అలవాటో అప్పుడు తెలిసింది. నేను బావ మెడ పట్టుకుని గోడకేసి బాదాను, ఒకసారి కాదు. ముక్కు పగిలి చొక్కా అంతా నెత్తురవుతున్నా ఆపలేదు. దాచుకోవడం ఎందుకు, కొడుతుంటే నాకు హాయిగా ఉంది. నాన్న మళ్లీ పీట ఎత్తాడు, ఈసారి తలకు గురిపెట్టి. తగిలితే బావ పోయేవాడే.

అక్క మధ్యలోకి వచ్చి, కట్టు ఉన్న చెయ్యి పీటకు అడ్డం పెట్టింది. "కొట్టు నాన్నా, కొట్టు," అంది. "మీ ఇద్దరికీ తేడా ఏటి? నువ్వు అందరికీ సూపించి కొట్టినావు, ఆయన దాసి కొట్టినాడు. అమ్మ నుదురు సూసే నాను ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. కొడతారు, తుడుసుకుని మళ్లీ ఆడాల, అంతే అనుకున్నాను."

పీట నాన్న చేతిలోనే ఆగిపోయింది. బావ గోడ పట్టుకుని లేచి, ముక్కుకు చొక్కా అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. అక్క పిల్లనెత్తుకుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చెప్పులు వేసుకుంది. "నువ్వెక్కడికి?" అన్నాడు నాన్న, నోటి నిండా నెత్తురుతో. "దాని తోటి," అని అమ్మ గేటు దాటింది.

రైలు స్టేషన్ దగ్గర ఇద్దరూ ఒక గది తీసుకున్నారు. అక్క ఫ్యాక్టరీకి వెళితే అమ్మ పిల్లను చూసుకునేది. నాన్న వెళితే గేటు దగ్గరే నిలబెట్టి, రెండు మాటలాడి పంపేసేది. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్లూ నా దగ్గరే ఉన్నాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చివరి ఏడాది నేనే అమ్మ దగ్గరికి వెళ్లి, ఆయన మారాడు, ఇంటికి రమ్మని బతిమాలాను. "ఇప్పుడు సెయ్యి లేస్తాదా ఏటి ఆయనకి?" అని అడిగింది అమ్మ. అప్పటికి పదమూడు ముక్కలు పట్టుకోలేక ఆ చేతులు వణుకుతున్నాయి. పిల్లకు పోకర్ అని ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తోంది: ఏమీ లేని మొహం వెనక ఏముందో చదవడం రమ్మీ మాకు నేర్పలేదు. కాలం గాయాలు మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది మాన్పిన గాయం నాకు ఒక్కటీ గుర్తు లేదు. కొట్టిన చేతులను మాత్రం ముసలివి చేసింది.