నొక్కినవాళ్ళంతా మనవాళ్ళే

ఉదయం తొమ్మిదింటికి ఆయన షట్టర్ ఎత్తేసరికే ఫోన్లో ఆయన పెట్టించిన ప్రకటన ఆ రోజుకి అయిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఎప్పటిలాగే కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు. ఫోన్ను బల్ల మీద తెర పైకి ఉండేట్టు పెట్టుకుని, ఇప్పుడు మోగుతుందేమో, ఇంకాసేపటికి మోగుతుందేమో అని దాని వంకే చూస్తున్నాడు.

ప్రయాణాల పెట్టెలు బాగుచేయడం ఆయన పని. విరిగిన చక్రాలు మారుస్తాడు, తెగిన జిప్పుల చోట కొత్తవి వేస్తాడు, ఊడిన పిడులు బిగిస్తాడు. వీధిలో అందరికీ ఆయన చక్రాలాయన. పెళ్ళికి ముందు నుంచీ అదే గది, బస్టాండుకు ఎదురుగా. బస్సు దిగినవాళ్ళు కుంటి పెట్టెను ఈడ్చుకుంటూ రోడ్డు దాటితే చాలు, ఈయన కనిపించేవాడు. బోర్డు అవసరమే పడలేదు. కిందటేడు బస్టాండును ఊరి బయటికి మార్చారు. దానితోపాటే పెట్టెలూ వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఎదురుగా ఉన్నది రేకుల కంచె, కంచె నీడలో పడుకున్న కుక్కలు.

కొత్త బస్టాండు దగ్గర ఒక పెట్టెల కంపెనీ సర్వీసు సెంటర్ తెరిచింది. దాని మేనేజరు వెతుక్కుంటూ వచ్చి, ఈయన చేతిపని కాసేపు చూసి, నెల జీతానికి రమ్మన్నాడు. వస్తాడో రాడో శనివారంలోగా చెప్పమన్నాడు. భార్య వెళ్ళమంటోంది. ఈయనకు మనసొప్పడం లేదు. మోకాళ్ళు పట్టేసే ఈ వయసులో, కాసేపు బయటికి వెళ్ళొస్తానని ఇంకొకరిని అడగాలంటే ప్రాణం చచ్చిపోయినట్టుంది. కొట్టు నిలబడుతుందనడానికి ఒక్క ఆనవాలు కనిపిస్తే చాలు, మేనేజరుకి రానని చెప్పేసే ఉద్దేశంలో ఉన్నాడు.

ఆ ఆశతోనే మేనకోడలి చేత ఫోన్లో ప్రకటన పెట్టించుకున్నాడు. ఆ అమ్మాయి ఆఫీసులో చేసేదే ఆ పని. ఎవరైనా పెట్టె చక్రం రిపేరు అని వెతికితే అన్నిటికంటే పైన ఈయన దుకాణం వస్తుంది. దాన్ని నొక్కిన ప్రతిసారీ ఈయన కట్టిన డబ్బులో కొంత తరుగుతుంది. రోజుకు ఇంత అని ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ప్రకటన మాయమై, మళ్ళీ మర్నాడే కనిపిస్తుంది. పెట్టి రెండు వారాలు దాటింది. ఫోన్లు రాలేదని కాదు, వచ్చాయి. అవన్నీ అప్పు కావాలా అని అడిగేవాళ్ళవి.

గురువారం మధ్యాహ్నం మేనకోడలు లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. వెనక గోడ పక్కన భార్య మిషన్ మీద సంచి పట్టీ కుడుతోంది.

"మావయ్యా, నీ ప్రకటనని జనం తెగ నొక్కుతున్నారు. మా దగ్గర పెద్ద పెద్ద కొట్లకి కూడా ఇంత లేదు."

"మరి ఒక్కడూ ఫోన్ చెయ్యడేం?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

"నొక్కి చూసి, మీ మావయ్య ఫోటో కనబడగానే భయపడి పారిపోతున్నారేమో," అంది భార్య తల ఎత్తకుండా.

అమ్మాయి తెర మీదికి వంగింది. "పొద్దున ఆరింటికి మొదలవుతున్నాయి నొక్కులు. తొమ్మిదికల్లా ఆ రోజు డబ్బు ఖాళీ, ప్రకటన బంద్. అంత పొద్దున్నే పెట్టె చక్రం ఎవరికి గుర్తొస్తుంది? ఉండు, ఏమని వెతికారో కూడా ఇందులో ఉంటుంది." పైకి చదవడం మొదలుపెట్టింది. "చక్రాలాయన పెట్టెల దుకాణం. చక్రాలాయన పెట్టెల రిపేరు. మా తమ్ముడి పెట్టెల కొట్టు..."

చదవడం ఆగిపోయింది. మిషనూ ఆగిపోయింది.

"ఎవరి తమ్ముడు మావయ్యా?"

ఆయన ఒక చక్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పసాగాడు. "మొదటి రోజు చుట్టాల గ్రూపులో పెట్టాను. మన కొట్టు పైన వస్తోంది, చూడండీ అని. సంతోషిస్తారు కదా."

"నువ్వు కూడా నొక్కావా?"

"ఉందో పోయిందో చూసుకోవద్దూ? పొద్దున లేవగానే ఒకసారి. బయల్దేరే ముందు ఒకసారి."

"అత్తయ్యా?"

"ఆయన ఫోన్లో వస్తే సరిపోతుందా? నా ఫోన్లో వస్తుందో రాదో నేనూ చూడాలిగా."

అమ్మాయి నుదురు పట్టుకుంది. "నొక్కుల విషయంలో జాగ్రత్తని మొదటి రోజే చెప్పాను కదా!"

"పోటీవాళ్ళు నొక్కుతారు జాగ్రత్త అన్నావు. మనవాళ్ళు నొక్కకూడదని ఎక్కడన్నావు?"

అమ్మాయి అక్కడికక్కడే ఆయన చేత ఆయన అక్కకి ఫోన్ చేయించింది. అక్క అంటే ఈ అమ్మాయి తల్లే. అందరికీ వినబడేలా ఫోన్ బల్ల మీద పెట్టారు.

"అక్కా, రేపటి నుంచి నా కొట్టుని నొక్కకు."

"ఏం రా, ఏమైంది? ముఖం కడుక్కోకముందే ముందు నీదే చూస్తున్నాను. నాదొకటి, మీ బావ ఫోన్లో ఒకటి. మేడ మీద వాళ్ళ చేత కూడా నొక్కిస్తున్నా. ఇవాళ మర్చిపోయారంటే పైకెళ్ళి మరీ చెప్పొచ్చాను."

"నొక్కితే డబ్బు పోతుందక్కా."

"ఎవరిది?"

"నాదే."

"డబ్బు పోయేదాన్ని ఎవరు పెట్టమన్నారు రా నీకు?"

"నీ కూతురే."

"అదా! దానికి గదిలోంచి వస్తూ లైటు ఆర్పడం చేతకాదు, నీ కొట్టు నిలబెడుతుందా?"

"అమ్మా, నేనిక్కడే ఉన్నా."

"ఉంటే ఉండవే. తమ్ముడు బాగుపడాలని వేలు పెడితే అది కూడా తప్పయిపోయింది. సరే, ఇక ముట్టుకోం. మీ కొట్టు, మీ ఫోను, మీరే ఏలుకోండి."

ఫోన్ పెట్టేసింది.

"అలిగింది," అంది అమ్మాయి. "ఇంటికెళ్ళి నేను పడాలి."

ఆయన నవ్వలేదు. "అంటే ఇన్నాళ్ళూ బయటివాళ్ళు ఒక్కరూ చూడలేదంటావా?"

"వాళ్ళు చూసే వేళకి ప్రకటనే లేదు మావయ్యా."

శుక్రవారం ఉదయం ఆయన వేలు రెండుసార్లు ఫోన్ మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది. బంధువులూ మాట నిలబెట్టుకున్నారు. గ్రూపులో ఎవరూ పలకలేదు. పదకొండు దాటాక ఫోన్ మోగింది. జిప్పు తెగిందని ఒకామె. ఆఫీసు అయ్యాక తెస్తాను, ఉంటారా అని అడిగింది. మధ్యాహ్నం ఇంకొకాయన, అదే మాట. ఇద్దరూ చీకటిపడే వేళకు వచ్చారు. శనివారం పొద్దుటి నుంచి మళ్ళీ నిశ్శబ్దం.

రెండు పెట్టెలు. ప్రకటన పనిచేస్తుందని తెలిసింది. దాని మీద ఇల్లు గడవదని కూడా తెలిసింది. ఎన్నాళ్ళకు పుంజుకుంటుందని మేనకోడలిని అడిగితే, నెలలు పట్టొచ్చు అంది. అబద్ధం చెప్పలేదు, అందుకు ఆయన మెచ్చుకున్నాడు. భార్య ఈసారి వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మధ్యాహ్నం మేనేజరే ఫోన్ చేశాడు.

"వస్తానండీ," అన్నాడు ఆయన. "కానీ అయిదింటికి నన్ను వదిలేయాలి. నా కొట్టు తెరుచుకోవాలి."

"అయిదున్నర. మా కంపెనీ పెట్టెలు మాత్రం అక్కడ ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

మేనకోడలు ప్రకటన వేళలు మార్చింది. పగలంతా ఆపేసి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రమే కనిపించేలా పెట్టింది. అంత తక్కువ సేపు కాబట్టి డబ్బు మధ్యలో అయిపోదని చెప్పింది. ఆయన తల ఊపాడు.

సోమవారం పగలంతా సర్వీసు సెంటర్లో నిలబడి ఒకే రకం చక్రాలు బిగించాడు. బస్సులో సీటు దొరకలేదు. కొట్టు చేరి, మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, షట్టర్ ఎత్తాడు. చొక్కా చెమట ఆరకముందే ఫోన్ మోగింది.

"పెట్టె పిడి ఊడిందండీ. ఇప్పుడొస్తే చేస్తారా?"

"రండి, ఎనిమిదిన్నర దాకా ఉంటాను," అన్నాడు.

ఆ సాయంత్రం మూడు పెట్టెలు వచ్చాయి.